వరి బాకీ

కువాల కెలాదీ భూమి కచేరీకి ఆ సోమవారం సున్నం వేస్తున్నారు. శనివారం మెర్దెకా, మలయా స్వాతంత్ర్య దినం. దొరల పాలన ముగిసేలోగా ప్రభుత్వ కట్టడాలన్నీ తెల్లబడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చుక్కలు పడకుండా పనివాళ్లు కౌంటరు మీద గోనెసంచులు పరిచారు. దేవకి వచ్చి గోనెసంచి మీద చేతులు ఆనించి నిలబడింది.

కౌంటరు గుమాస్తా మణియం ఏం కావాలని తమిళంలో అడిగాడు. కచేరీలో దుబాసీ పని కూడా అతనిదే. ఆమె గొడుగును గోడకు ఆనించి, బిస్కట్ డబ్బా మూత తీసి, మడతపెట్టిన పట్టా నకలు ముందుకు జరిపింది.

"మా భూమికి హాసిల్ కట్టడానికి వచ్చినాను బాబూ."

ఏటేటా భూమికి కట్టే పన్నును మలాయ్ వాళ్లు హాసిల్ అంటారు. ఆమె తెలుగులోనే మాట్లాడింది. మణియం తల్లిది తెలుగే. తల్లి తెలుగులో అడిగితే కొడుకు తమిళంలో జవాబు చెప్పడం ఆ ఇంటి అలవాటు. దేవకి మాట అతనికి అర్థమైంది. తమిళంలోనే కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

ఇన్నాళ్లూ ఎందుకు కట్టలేదో అడక్కుండానే చెప్పింది. తన భర్త అప్పలసామి ఉన్నప్పుడు ఆయనే వచ్చి కట్టేవాడు. అడవిలోని కమ్యూనిస్టుల మీద దొరలు పెట్టిన ఎమర్జెన్సీలో సోల్జర్లు లారీలు తెచ్చి అందరినీ ముళ్లకంచె లోపలికి, కొత్త ఊరికి మార్చారు. ఆయన అక్కడే పోయాడు. భూమి నిషేధ ప్రాంతంలోకి పోయింది. మూసేసిన భూమికి హాసిల్ ఏముంటుందని ఆమె అనుకుంది. ఈ ఏడు నిషేధం ఎత్తేశారు గనక వచ్చింది.

మణియం పట్టా నెంబరు చూసి లోపలికి వెళ్లి వచ్చాడు. ఆ నెంబరు మీద ఎర్రగీత ఉంది. భూమిని మూడేళ్ల కిందటే ప్రభుత్వం స్వాధీనం చేసుకుందని ఆమెకు చెప్పాడు. తాము ఎవరికీ అమ్మలేదని దేవకి అన్నది. అమ్మడం కాదు, పన్ను ఎగ్గొట్టినందుకు పోయిందని అతను చెప్పాడు. అర్థం కాలేదని ఆమె మొహం చూసి తెలుసుకుని, కచేరీలో రోజూ అనే మాటల్లోనే మళ్లీ చెప్పాడు.

"నిలత్తు వరి బాకీ ఇరుందదు, అమ్మా."

దేవకి రెండు చేతులూ గోనెసంచి మీది నుంచి లేచాయి. అరచేతులు అతని వైపు తిరిగి ఉన్నాయి.

"వరి నేదు బాబూ. మా భూమిలో వరి నేదు. అప్పుడూ అదే సెప్పినాను. ఎవులికీ ఒక్క గింజ ఇయ్యనేదు."

వెనక బల్ల దగ్గర పెద్ద గుమాస్తా శివలింగం ఫైలు మీంచి తల ఎత్తి నవ్వాడు. ఆ రోజు కూడా ఇలాగే చేతులెత్తిందని మణియంతో అన్నాడు. భూమి పోకముందు పన్ను నోటీసు ఇచ్చింది ఆయనే. యజమాని చిరునామా అని రికార్డులో ఉన్నది ఆ భూమే. భూమి మీది ఇంటిని సోల్జర్లు కాల్చేశారు. అయినా రూలు ప్రకారం నోటీసును అక్కడి కొబ్బరిచెట్టుకు కొట్టించాడు. ఆ తర్వాత పోలీసు జీపులో కొత్త ఊరి గేటుకు వెళ్లి, పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరినీ అడిగాడు. ఈవిడను రెండుసార్లు అడిగాడు. ఇల్లై, ఇల్లై, లేదు లేదు అంది. కట్టడానికి నిరాకరించిందని రాసుకుని వచ్చాడు.

మణియం కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తమిళంలో నిలం అంటే భూమి, వరి అంటే పన్ను. తెలుగులో వరి అంటే పొలంలో పండేది. బాకీ అంటే అప్పు అని శివలింగం ఉద్దేశం. కానీ బజారులో, బస్సులో, ఈ దేశంలో ఎవరు బాకీ అన్నా మిగిలినది అనే అర్థం. పోలీసు జీపు దగ్గర ఈ ఆడమనిషి విన్నది వేరే ప్రశ్న. నీ భూమిలో ఇంకా వరి మిగిలి ఉందా అని.

ఆ రోజుల్లో అలాంటి ప్రశ్న ఎందుకు అడుగుతారో కంచె లోపల ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంచె బయట తిండిగింజలు పండించకూడదు. బయటికి గుప్పెడు బియ్యం తీసుకుపోకూడదు. అడవిలో ఉన్నవాళ్లకు అందుతాయని.

అతను వెళ్లి ఈ సంగతి శివలింగానికి చెప్పాడు. శివలింగం కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ఎస్టేటులో పుట్టిన మనిషికి తమిళం రాదా, తంబీ? వరి అంటే తెలీదా?"

ఎస్టేటులో కూలివాళ్లు భూమి పన్ను కట్టరు, ఆ మాట వాళ్ల చెవిన పడే సందర్భం ఉండదు, అన్నాడు మణియం. తమిళం వచ్చు గనకే, పోలీసులకు తెలియకూడని ఆ ఒక్క మాటను ఆయన తన కోసం తెలుగులో అడిగాడని అనుకుని ఉంటుందన్నాడు.

"మీ అమ్మగారి మనుషులకు పన్ను కూడా తిండేనా?" అన్నాడు శివలింగం. తర్వాత కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ భూమి కావాలని బంటింగ్ ఊరి షావుకారు ఒకడు దరఖాస్తు పెట్టాడని, ఆ ఫైలు ఆఫీసరు బల్ల మీద ఉందని చెప్పాడు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. పన్ను కావాలని ఎగ్గొట్టలేదని తేలితే స్వాధీనం రద్దు చేయమని ఆఫీసరు పైకి రాయవచ్చు. కొత్తగా వచ్చిన మనిషి, వింటాడు. భూమి చూసి రిపోర్టు రాసుకురమ్మన్నాడు. అందులో తన పేరు రాకుండా చూడమని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున మణియం కొత్త ఊరి గేటు దగ్గర సైకిలు దిగాడు. కంచె ఉంది, గేటు తీసి ఉంది. సోదా చేసే గుడిసెలో ఎవరూ లేరు. దేవకి కొడుకు వీరసామి తల్లిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఎదురొచ్చాడు. అన్నా అని పిలిచి, కొలత టేపు సంచి తను అందుకున్నాడు. పీడబ్ల్యూడీలో లారీ మీద కూలికి వెళుతున్నాడు. డ్రైవరు పరీక్ష అయింది, పోలీసుల నుంచి మంచివాడని కాగితం రాగానే ఉద్యోగం ఖాయమని దారిలో చెప్పాడు. పౌరుడిగా పేరు నమోదు చేసుకోవడానికి కూడా ఆ కాగితమే అడుగుతున్నారట.

"నన్ను బుల్డోజరు తోలమంటున్నారు అన్నా. కొబ్బరిచెట్టు తప్ప ఏదైనా తోలగలను."

భూమి మూడెకరాలు. కొబ్బరి, మధ్య వరసల్లో కాఫీ, తూర్పు హద్దున కాలువ. కాఫీ మొక్కలను ఫెర్న్ కప్పేసింది. కొబ్బరికాయలు రాలిన చోటే మొలకెత్తి ఉన్నాయి. వీరసామి పారంగ్ కత్తితో లాలంగ్ గడ్డి నరుకుతూ పోయాడు. మణియం హద్దురాళ్లు వెతికాడు. మూడు దొరికాయి. నాలుగోది దేవకి చూపించింది. చూసుకోకుండా నడిచి వెళ్లి ఒకచోట ఆగి, మడమతో మట్టి తొలిచింది. రాయి తల బయటపడింది.

ఇల్లు ఉన్న చోట సిమెంటు మెట్టు ఒకటే మిగిలింది. దాని పక్క చెట్టుకు తుప్పు పట్టిన మేకు ఉంది. మేకుకు రేకు ముక్క. నోటీసు కాగితం ఎప్పుడో పోయింది. మణియం మేకును వేలితో కదిపి చూసి వదిలేశాడు.

వీరసామి పడమటి హద్దు వైపు వెళ్లాక, మణియం కాలువ దగ్గరి పల్లానికి దిగాడు. అక్కడ కొబ్బరి లేదు. నేల మీద జానెడు ఎత్తు గట్లు ఉన్నాయి. కొన్ని చోట్ల కూలాయి, కానీ గళ్లు తెలుస్తున్నాయి. కాలువ ఒడ్డున నీళ్లు లోపలికి పెట్టడానికి కొట్టిన గండి ఉంది. కొబ్బరికి ఎవరూ గట్లు వేయరు. అతను గొంతుక్కూర్చున్నాడు. గడ్డి మధ్య అక్కడక్కడా నాలుగు పోచలు వేరుగా ఉన్నాయి. ఒకదానికి వరి కంకి వచ్చింది. ఎప్పుడో రాలిన గింజ ఏటేటా మళ్లీ మళ్లీ మొలిచినట్టుంది.

దేవకి వెనకే వచ్చింది. అతను చూస్తున్న చోటికి చూసింది. వంగి ఆ దుబ్బును వేళ్లతో సహా పీకింది. వేళ్ల మట్టిని కాలి మీద కొట్టి దులిపింది. పక్క దుబ్బు పీకింది. ఆ గడిలో ఉన్నవన్నీ పీకి, కట్టగా చేసి, గడ్డిపోచతో ముడివేసింది. చేతులకు ఆ ముడి అలవాటు. వేసిన తర్వాత దాన్ని చూసుకుని, విప్పి, పోచలను కాలువ బురదలో వేసి పాదంతో తొక్కింది.

మణియం లేచి నిలబడ్డాడు.

"మా లైన్లో రెంగసామిని తీసుకెల్లినారు బాబూ," అంది ఆమె. "సైకిలు పంపులో బియ్యం దొరికినాయి. ఆడింకా రానేదు."

అతను వీరసామి ఉన్న వైపు చూశాడు. కత్తి చప్పుడు వినిపిస్తోంది.

"మావోడికప్పుడు రబ్బరు గీతకి పాసు ఉండేది. పొద్దున్నే బయటికెల్లేవోడు. రేసను సాలక ఇక్కడ ఏసినాడు. మాకే అనుకున్నాను. ఇంకెవులికైనా ఇచ్చినాడేమో అడగనేదు."

మణియం కూడా అడగలేదు. రిపోర్టు మెట్టు మీద కూర్చుని రాశాడు. కొబ్బరి, కాఫీ, నాలుగు హద్దురాళ్లు, తూర్పున కాలువ. పల్లం గురించి రాయడానికి ఒక గడి ఉంది. అందులో గడ్డి అని రాశాడు.

రేపు ఆఫీసరు ముందు ఏం చెప్పాలో తమిళంలో చెప్పాడు. వరి అంటే హాసిల్ అని నాకు తెలియదు, తెలిస్తే కట్టేదాన్ని. అంతే. దేవకి ఆ మాటలు తెలుగులో రెండుసార్లు అనుకుంది. మరి వరి అంటే ఏమనుకున్నావని అడిగితే అని సందేహపడింది. అంత దూరం అడగరని మణియం చెప్పాడు. అతను అలాగే అనుకున్నాడు.

విచారణ బుధవారం. ఆఫీసరు ఇంచె రహ్మత్ వచ్చి నెల కాలేదు. గోడ మీద పాత ఆఫీసర్ల పేర్లు బంగారు అక్షరాల్లో రాసిన పలక ఉంది. సున్నం పడకుండా దానికి కాగితం కప్పారు. దేవకిని ఆయన కూర్చోమన్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. శివలింగం ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కిటికీ బయట వీరసామి సున్నం వేసేవాళ్ల నిచ్చెన పట్టుకుని వాళ్లతో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు.

మణియం మలాయ్ భాషలో సంగతి వివరించాడు. గేటు దగ్గర ఎవరు అడిగారో చెప్పలేదు. ఆఫీసరు రెండు అర్థాలూ మళ్లీ చెప్పించుకున్నాడు. వరి అనే మాటను బ్లాటింగు కాగితం మీద మలాయ్ రాసే జావీ అక్షరాల్లో రాసి చూసుకున్నాడు. ఇలాంటివి ఈ జిల్లాలో ఇంకా ఎన్ని జరిగాయో అన్నాడు. శివలింగం ఫైలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

ఆఫీసరు దేవకిని అడిగాడు. ఆమె నేర్చుకున్నది చెప్పింది. మణియం అనువదించాడు. ఆఫీసరు రాయడం మొదలుపెట్టాడు. యజమాని పన్ను అనే మాటను వరి పంట అని పొరబడింది. అక్కడ ఆగాడు. కలం తిరగేసి దాని వెనక భాగంతో ఫైల్లోని పాత కాగితం మీద ఒక వాక్యం చూపించాడు.

ఇక్కడ, ఆమె రెండు చేతులూ ఎత్తి, ఎవరికీ ఏమీ ఇవ్వలేదన్నదని రాసి ఉంది, అన్నాడు. మీ భూమిలో వరి ఉందా అని నన్నడిగితే లేదు, కొబ్బరి ఉంది అంటాను. చేతులెత్తను. ఎవరికీ ఇవ్వలేదని అనను. ఈవిడ ఎందుకు భయపడింది?

ఆయన గొంతులో అనుమానం లేదు. పైవాళ్లు ఇదే అడుగుతారు, అందుకని ముందే రాసి పంపితే మంచిదన్నాడు. భూమి నిషేధ ప్రాంతంలో ఉండేది గనక ఫైలు పోలీసుల దగ్గరికి కూడా వెళుతుంది. ఎమర్జెన్సీ చట్టం శనివారంతో పోదు. వాళ్లూ అడుగుతారు. కారణం ఏదో ఆమె మాటల్లోనే చెప్పనివ్వండి.

ఆయన అన్నదాంట్లో పాడీ, పోలిస్, తాకుత్ అనే మూడు మాటలు దేవకికి తెలుసు. వరి, పోలీసు, భయం. మణియం అనువదించడానికి తిరిగేసరికి ఆమె కిటికీ వైపు చూస్తోంది. నిచ్చెన ఇంకో కిటికీకి జరిపారు. వీరసామి మోచేతి దాకా సున్నం.

మణియం ప్రశ్న చెప్పాడు. పోలీసు అనే మాట వదిలేసి చెప్పాడు. జవాబు కూడా అతనే అందించబోయాడు. ఆ కాలంలో అందరూ భయపడ్డారు, అని చెబితే చాలన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకు తెల్సును బాబూ. వరంటే హాసిలే."

మణియం ఆమె వైపు వంగాడు.

"తమిళోల్ల మద్దిన పుట్టినదాన్ని. తెలకపోడమేటి? మాయన పోయినాడు, భూమి మూసేసినారు. ఎందుకు కట్టాలనిపించింది. కట్టనన్నాను. అదే సెప్పు."

సోమవారం అలా చెప్పలేదు కదా అని అతను తమిళంలో, గొంతు తగ్గించి అన్నాడు.

"సోమారం అబద్దం సెప్పినాను. భూమి కోసరం."

ఏమంటోంది, అని ఆఫీసరు అడిగాడు. మణియం శివలింగం వైపు చూశాడు. తెలుగు రాకపోయినా శివలింగానికి ఆమె చేతులు కనిపిస్తున్నాయి. అవి ఒళ్లో ఉన్నాయి. కదలడం లేదు. శివలింగం నేల చూశాడు.

మణియం అనువదించాడు. ఏ మాటా వదల్లేదు.

ఆఫీసరు కాసేపు ఆమెను చూశాడు. తర్వాత రూళ్లకర్ర తీసుకుని, తను రాసిన వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. ఈ గదిలో నిజం చెప్పేవాళ్లు తక్కువ, అన్నాడు. తనకు బాధగానే ఉందనీ, నిజం చెప్పింది గనకే ఇంక చేయగలిగింది లేదనీ ఆమెకు చెప్పమన్నాడు. మణియం చెప్పాడు. దేవకి తల ఊపి, అడక్కముందే ఎడమ బొటనవేలు చాపింది. ఇంకు బిళ్ల శివలింగం తెచ్చాడు. ముద్ర మీద బ్లాటింగు అద్ది, ఫైలు మూసి, టేపు కట్టాడు. బంటింగ్ షావుకారు ఫైలు దాని కింద ఉంది. దాన్ని పైకి తీశాడు.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక మణియానికి గోడకు ఆనించి దేవకి మరిచిపోయిన గొడుగు కనిపించింది. తీసుకుని బయటికి వెళ్లాడు. తల్లీకొడుకులు సైకిలు స్టాండు దగ్గర ఉన్నారు. వీరసామి పంపు కింద చేతులు కడుక్కుంటున్నాడు. కాగితాలు సరిగా లేవన్నారని తల్లి చెప్పిందట. ఏ కాగితాలు అన్నా, అని అడిగాడు. మణియం పాత కాగితాలని చెప్పాడు. పోనీలే, డ్రైవరు జీతం వస్తే కొంటానులే అని వీరసామి తల్లితో అని, టైరులో గాలి చూడటానికి వంగాడు.

దేవకి గొడుగు అందుకుంది. కొడుకు వినకుండా రెండడుగులు ఇవతలికి వచ్చింది.

"ఆ సావుకారు వచ్చేవరకూ ఎవులూ ఉండరు గదా బాబూ. రాలిన కాయలు ఏరుకోవచ్చా?"

స్వాధీనమైన భూమిలో అడుగుపెడితే ఏ సెక్షను కింద ఏం జరుగుతుందో మణియానికి తెలుసు. ఆ నోటీసులు రాసేది అతనే. దొరికితే పోలీసు స్టేషనులో పేరు రాస్తారు. ఏరడానికి వచ్చేది ఈమె ఒక్కతే కాదు. మోయడానికి కొడుకు వస్తాడు.

"కూడదు," అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. గొడుగు విప్పి వెళ్లి సైకిలు వెనక కూర్చుంది. వీరసామి ఒక కాలు నేల మీద ఆనించి, ఆమె సర్దుకునే దాకా ఆగి, తొక్కాడు.

కూడదు అనే ఆ మాటను కాస్త సాగదీసి కూడాదు అంటే తమిళం. సాగదీయకపోతే తెలుగు. ఏ భాషలో అన్నాడో మణియానికే తెలియలేదు. ఆమెకు అర్థమైంది.